అండం పరిమాణం – అపోహలు, వాస్తవాలు

పాఠ్యాంశ ఉద్దేశం

సంతానలేమికి స్త్రీని మాత్రమే బాధ్యురాలిని చేసే ధోరణిని శాస్త్రదృష్టితో పరిశీలించడం, అండం పరిమాణానికీ గర్భధారణకూ గల సంబంధాన్ని తెలుసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

సంతానలేమి ఒక శారీరక స్థితి. దానిని నేరంగా మార్చినది సమాజం. తెలుగులో ‘గొడ్రాలు’ అన్నా, ఉర్దూలో ‘బాంఝ్’ అన్నా నింద స్త్రీకే తగులుతుంది. ఈ రెండు భాషలూ పక్కపక్కన జీవించే హైదరాబాదు పాతబస్తీలో ఇల్లు మారితే మాట మారుతుంది కాని, నిందకు గురి అయ్యే మనిషి మారదు.

సంపదకూ సంతానానికీ సంబంధం లేదు. అటోమన్ రాజవంశానికి చెందిన నీలోఫర్ 1931లో ఏడవ నిజాం రెండవ కుమారుడు మొఅజ్జం జాను వివాహమాడి, ఆయన భార్యగా హైదరాబాదుకు వచ్చింది. అంతటి వైభవంలోనూ ఆమెకు సంతానం కలుగలేదు. 1952లో వారు విడిపోయారు. ప్రసవ సమయంలో తన పరిచారిక మరణించడంతో కలత చెంది, తల్లుల కోసం, శిశువుల కోసం ఆసుపత్రి నిర్మాణానికి ఆమె పూనుకొన్నదని చెబుతారు. 1953లో ప్రారంభమైన ఆ ఆసుపత్రి నేటికీ నీలోఫర్ పేరుతోనే వేలాది పసిప్రాణాలను కాపాడుతున్నది.

కాలం మారింది. స్కానింగ్ యంత్రాలు వచ్చాయి. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి నుంచి చార్మినారు పరిసరాల్లోని చిన్న క్లినిక్కుల వరకు ‘ఫాలిక్యులర్ స్కాన్’ అనే పరీక్ష సుపరిచితమైంది. అయితే ఆ కాగితం మీది అంకెను చూసి, “కోడలి అండం చిన్నది, అందుకే పిల్లలు కలగడం లేదు” అని తీర్పు చెప్పే ఇళ్లు ఉన్నాయి. ఈ తీర్పులో నిజమెంత?

స్కానింగులో కనిపించేది అండం కాదు. అండాన్ని తనలో దాచుకొన్న పుటిక. అది ద్రవంతో నిండిన చిన్న సంచి. అండం విడుదలయ్యే నాటికి పుటిక సుమారు 18 నుంచి 20 మిల్లీమీటర్ల వరకు పెరుగుతుంది. అండం వ్యాసం మాత్రం సుమారు 0.1 మిల్లీమీటరు. స్కానింగు తెరపై అది కనిపించదు. కాగితం మీద 14 అని ఉంటే పుటిక ఇంకా ఎదుగుతున్నదని అర్థమే తప్ప, అండం లోపభూయిష్ఠమని కాదు.

ఈ పొరపాటు కొత్తది కాదు. 1672లో డచ్ వైద్యుడు రెనియర్ డి గ్రాఫ్ పుటికలను వర్ణించి, వాటినే అండాలుగా భావించాడు. 1677లో లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో శుక్రకణాలను చూశాడు. వాటికన్నా ఎంతో పెద్దదైన క్షీరద అండం మాత్రం పుటికలో మరుగుపడి, 1827లో గాని కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయర్ కంటబడలేదు.

మానవ దేహంలోని అతిపెద్ద కణాలలో అండం ఒకటి. శుక్రకణపు శిరస్సు పొడవు అండం వ్యాసంలో దాదాపు ఇరవయ్యో వంతు. అండానికి ఇంత పరిమాణం ఎందుకు? ప్రయాణానికి బయలుదేరేవారు దారిబత్తెం కట్టుకొన్నట్లు, అండం తన కణద్రవ్యంలో పోషకాలను, మాంసకృత్తులను, శక్తినిచ్చే లక్షకు మించిన మైటోకాండ్రియాలను కూర్చుకొంటుంది. ఫలదీకరణం తరువాత తొలి రెండు మూడు రోజుల కణవిభజన ప్రధానంగా ఈ నిల్వల మీదనే సాగుతుంది.

కనుక పరిమాణానికి ప్రాధాన్యం లేదనడం సరికాదు. తొలిదశలో సుమారు 0.035 మిల్లీమీటరు ఉండే అండం క్రమంగా పెరిగి పరిపక్వమవుతుంది. తగినంత పెరగని అండం క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించే విభజనను పూర్తిచేయలేదు. మరీ పెద్దవైన ‘మహాకాయ’ అండాలలో క్రోమోజోములు రెట్టింపుగా ఉండవచ్చు. అందుచేత కృత్రిమ ఫలదీకరణంలో వాటిని వాడరు. ఈ రెండు అంచుల నడుమ ఉండే స్వల్పభేదాలను బట్టి మాత్రం గర్భం నిలుస్తుందో లేదో చెప్పలేము.

నిర్ణాయకమైనది అండం నాణ్యత; దానిని ఎక్కువగా శాసించేది వయస్సు. ఆడశిశువు పుట్టేనాటికి పది నుంచి ఇరవై లక్షల అండాలు ఉంటాయి. యౌవనారంభానికి అవి మూడు నాలుగు లక్షలకు తగ్గుతాయి. ముప్పై అయిదేళ్లు దాటిన తరువాత క్రోమోజోముల లోపాలు వేగంగా పెరుగుతాయి.

ఇక అండం ఒక్కటే సృష్టికి చాలదు. సంతానలేమితో బాధపడే జంటలలో దాదాపు సగం మందిలో పురుషుని లోపం కూడా కారణమవుతున్నది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు వీర్యంలో శుక్రకణాలు లేని భారతీయ పురుషులలో కొందరికి వై క్రోమోజోములో కొన్ని భాగాలు లోపించాయని 2003లో వెల్లడించారు. అయినా పరీక్షకు భార్యను పంపి, తాను ఇంట కూర్చునే భర్తలు నేటికీ ఉన్నారు.

ఏడాదిపాటు దాంపత్య జీవితం సాగినా గర్భం రాకపోతే దంపతులిద్దరూ వైద్యుని సంప్రదించాలి. భార్య వయస్సు ముప్పై అయిదు దాటితే ఆరు నెలలకే వెళ్లడం మేలు. 2023లో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభం కావడంతో పేదలకూ ఈ చికిత్స చేరువైంది. చికిత్స కన్నా ముందు మారవలసినది దృష్టి. అంకెను చదవడం తేలిక. దాని అర్థం తెలిసి చదవడమే విద్య.

కఠిన పదాలు – అర్థాలు

పుటిక = అండాన్ని ఆవరించి ఉండే సంచి
దారిబత్తెం = ప్రయాణంలో తినడానికి కట్టుకొన్న ఆహారం
లోపభూయిష్ఠం = లోపాలతో నిండినది
నిర్ణాయకం = ఫలితాన్ని నిర్ణయించేది

ప్రశ్నలు

1. అండానికి, పుటికకు గల భేదాన్ని వివరించండి.
2. అండం పరిమాణం ఎప్పుడు ముఖ్యమవుతుంది? ఎప్పుడు కాదు?
3. ‘సంతానలేమికి స్త్రీయే కారణం’ అనే అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా విమర్శించండి.