బడి వదిలాక రెండు గంటలు: గ్రామసభలో ఎలా అడగాలి?

సాయంత్రం నాలుగూ నాలుగున్నర మధ్య బడి వదులుతారు. మిర్చి కోతకో, పత్తి ఏరడానికో, టౌనులో ఇళ్లల్లో పనికో వెళ్లిన అమ్మానాన్నలు ఇల్లు చేరేసరికి ఆరో ఏడో అవుతుంది. ఈలోపు పిల్లలు ఎక్కడుంటారో ఊరందరికీ తెలుసు. చెరువు గట్టు మీద, ఫోను ఉన్న ఇంటి అరుగు మీద, లేదంటే తమ్ముణ్ని చంకనేసుకుని గుమ్మంలో. ఇంత తెలిసినా గ్రామసభలో ఈ మాట ఎత్తేవాళ్లు అరుదు. రోడ్డు, మురుగుకాలవ, పింఛను, ఇంటి స్థలం గురించి గట్టిగా అడిగే ఊరే పిల్లల సాయంత్రాల దగ్గరికొచ్చేసరికి ఊరుకుంటుంది. మైకు ఎప్పుడూ పట్టని తల్లో తండ్రో ఆ మాట ఎలా ఎత్తాలో ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

1. ఏం కావాలో ముందు ఇంట్లోనే తేల్చుకోండి

“పిల్లల కోసం ఏదైనా చెయ్యండి” అంటే అందరూ తలూపుతారు, ఎవరూ ఏమీ చెయ్యరు. ఎక్కడ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎవరి కనుసన్నల్లో, ఏ సామానుతో అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబు ఉండాలి. ఉదాహరణకు: “ప్రైమరీ స్కూల్లో రెండు గదులు వారానికి ఐదు రోజులు నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా తెరిచి ఉంచాలి. లైట్లు, తాగునీళ్లు, చాపలు, కథల పుస్తకాలు, ఒక క్యారమ్ బోర్డు, ఒక వాలీబాల్ కావాలి. ఇద్దరు పెద్దవాళ్లు తప్పనిసరిగా ఉండాలి.” ఇది ఎవరైనా అవుననో కాదనో చెప్పక తప్పని కోరిక.

దీన్ని ఇంకో ట్యూషన్‌గా మాత్రం అడగకండి. పొద్దున్నుంచి బల్ల మీద కూర్చున్న పిల్లను మళ్లీ ఎక్కాలకు కూర్చోబెడితే వారం తిరక్కుండానే రావడం మానేస్తుంది. హోంవర్కుకు అరగంట, పుస్తకాలకు కాసేపు, మిగతాదంతా ఆట. ఆడుకోవడం పిల్లల హక్కని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో రాసి ఉంది, మన దేశం 1992లోనే దానికి ఒప్పుకుంది. ఇది గ్రామసభలో చదవనక్కర్లేదు గానీ “ఆటలకు కూడా తీర్మానమా?” అని ఎవరైనా నవ్వితే పనికొస్తుంది.

2. డబ్బు ఎక్కడిదో మీరే చూపించండి

“నిధుల్లేవమ్మా” అనే మాట దగ్గరే చాలామంది కూర్చుండిపోతారు. అందుకే ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి.

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం నీళ్లకూ పారిశుద్ధ్యానికీ కట్టేసి, 40 శాతం ఊరి అవసరాలకు వదిలింది. ఆ 40 శాతం జీతాలకు మాత్రం వాడకూడదంది. మీ పంచాయతీకి ఇప్పుడు ఏ పద్దులో ఎంత వస్తోందో, దేనికి వాడవచ్చో కార్యదర్శిని అడిగి రాసుకోండి. పాఠం ఒకటే: జీతం అడిగితే మొదటి అడుగులోనే ఆగిపోవచ్చు. లైట్లు, చాపలు, పుస్తకాల అలమర లాంటి ఒక్కసారి ఖర్చు అడిగితే దారి దొరుకుతుంది. పెద్దవాళ్ల విషయం వేరేగా చూసుకోవాలి. డ్వాక్రా సంఘంలో ఖాళీగా ఉన్న ఇద్దరు, డిగ్రీ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న అమ్మాయి, రిటైరైన మాస్టారు ఇలా వంతులేసుకునే వాళ్లను ముందే ఒప్పించి పెట్టుకోండి.

ఇంకో దారి చాలామందికి తట్టదు. ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి, అందులో గ్రంథాలయ పన్ను ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. పంచాయతీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. ఊరి నుంచి ఆ డబ్బు వెళ్తున్నప్పుడు ఊరి పిల్లలకు పుస్తకాలేవని అడిగే హక్కు పన్ను కట్టిన ప్రతి ఇంటికీ ఉంది. పక్కనున్న కర్ణాటకలో 2020లో ‘ఓదువ బెళకు’ అనే కార్యక్రమం కింద గ్రామ పంచాయతీ లైబ్రరీల్లో 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచితంగా సభ్యత్వం ఇచ్చారు. అక్కడ జరిగింది ఇక్కడ ఎందుకు జరగదని అడగడం తప్పేమీ కాదు.

3. లెక్క రాసుకోండి, హెడ్‌మాస్టర్‌ను కలవండి

రెండు మూడు వీధులు తిరిగి ఒక నోటుపుస్తకంలో రాయండి: బడికెళ్లే పిల్లలెంతమంది, వాళ్లలో ఇంటి దగ్గర పెద్దవాళ్లు లేనివాళ్లెంతమంది, అమ్మ ఎన్నింటికి వస్తుంది. పిల్లల పేర్లు సభలో చదవద్దు, అంకెలు చాలు. ఎస్సీ కాలనీ, తండా, ఊరి చివర గుడిసెలు వదిలేయకండి. అవసరం ఎక్కువున్నది తరచూ అక్కడే.

హెడ్‌మాస్టర్‌కు గ్రామసభలో అందరి ముందూ ఆశ్చర్యం కలిగించొద్దు. గది తాళం ఆయన దగ్గరుంటుంది, రేపు కిటికీ అద్దం పగిలితే సంజాయిషీ చెప్పుకునేదీ ఆయనే. ముందు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో మాట్లాడండి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లే ఉండాలి. కాబట్టి మొదటిసారి నోరు తెరవడానికి అదే తేలికైన చోటు. అక్కడ రాసుకున్న తీర్మానం కాపీ చేతిలో ఉంటే గ్రామసభలో మీరు ఒంటరి కాదు.

4. అంశం ముందే చేర్పించండి

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారైనా గ్రామసభ జరపాలంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో తర్వాతి సభ ఎప్పుడో పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఎన్నికైన సర్పంచ్ లేని రోజుల్లో ఆ స్థానంలో స్పెషల్ ఆఫీసర్ ఉంటారు. అన్నిటికంటే విలువైన సభలు అక్టోబర్ 2 తర్వాతవి, ఎందుకంటే వచ్చే ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారయ్యేది అప్పుడే. ఆ ప్రణాళికకు పెట్టిన తొమ్మిది ఇతివృత్తాల్లో పిల్లలకు అనుకూలమైన గ్రామం ఒకటి. మీ కోరిక సరిగ్గా దాని కిందికే వస్తుంది.

సభకు వారం ముందు కార్యదర్శికి ఒక పేజీ అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి. గ్రామసభలో సభ్యులంటే ఊరి ఓటర్లందరూ. మీ ఓటు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉంటే ఆ సంగతి కూడా ఇప్పుడే చక్కబెట్టుకోండి.

5. లేచి మాట్లాడటం

మూడు నిమిషాలు చాలు. నాయకుల్ని పొగడటానికీ తిట్టడానికీ అందులో చోటు లేదు. కాగితం చూసి చదవడం నామోషీ ఏమీ కాదు, అసెంబ్లీలోనూ చూసే చదువుతారు. ఇదిగో ఒక నమూనా, అంకెలు మీవి వేసుకోండి:

“సర్పంచ్ గారికీ, సెక్రటరీ గారికీ, ఊరి పెద్దలకూ నమస్కారం. మాది రామాలయం వీధి. మా పాప ఐదో తరగతి. నేను కూలికెళ్తాను, వచ్చేసరికి ఆరున్నర. మేం నాలుగు వీధులు తిరిగి చూశాం. అరవై మంది పిల్లలుంటే నలభై మంది ఇళ్లల్లో సాయంత్రం పెద్దవాళ్లెవరూ ఉండరు. స్కూలు కమిటీలో మాట్లాడాం, హెచ్చెం గారు గదులు ఇస్తామన్నారు. చూసుకోవడానికి ఆరుగురం వంతులేసుకున్నాం. పంచాయతీ లైట్లు, చాపలు, పుస్తకాల అలమర ఇప్పించాలి. ఇది వచ్చే ఏడాది ప్రణాళికలో రాయాలని, ఇవాళే తీర్మానం చెయ్యాలని అడుగుతున్నాం.”

గొంతు వణికితే వణకనివ్వండి. పక్కన మీ వీధి ఆడవాళ్లు పదిమంది నిలబడితే ఆ వణుకు ఎవరికీ వినిపించదు. ఒప్పుకుంటే ఏడో తరగతి పిల్లనో పిల్లాడినో ఒక నిమిషం మాట్లాడనివ్వండి, కానీ బట్టీ పట్టించొద్దు.

6. అడ్డు ప్రశ్నలు

“టీచర్లే చెప్పొచ్చుగా, డబ్బులిద్దాం” అంటారు. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది. ఇష్టంగా వచ్చి కూర్చుంటే సంతోషమే, ఆ భారం వాళ్ల నెత్తిన వెయ్యొద్దు.

“ఆడపిల్లలు చీకటి పడ్డాక ఎలా వస్తారు?” ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. చలికాలంలో ఆరు కాకముందే చీకటి పడుతుంది. ఆ నెలల్లో చీకటి పడకముందే ముగించండి. వీధుల వారీగా గుంపుగా ఇళ్లకు చేర్చే ఏర్పాటు చెప్పండి. పిల్లల దగ్గర ఏ పెద్దమనిషినీ ఒంటరిగా ఉండనివ్వమని, ఎప్పుడూ ఇద్దరుంటారని మీరే ముందుగా అనండి. ఈ జవాబు లేకుండా లేచి నిలబడటం కంటే ఇంకో రెండు నెలలు ఆగడం నయం.

“చూద్దాంలే” అన్నదానికి జవాబు ఒకటే: “రాసుకోండి సార్.”

7. పుస్తకంలోకి ఎక్కిందాకా కదలకండి

చప్పట్లు పనికి రావు, తీర్మానాల పుస్తకంలో ఆ వాక్యం ఉండాలి. సభ ముగిసేలోపు దాన్ని గట్టిగా చదివి వినిపించమనండి. తర్వాత కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయి కార్యాలయాల్లో దానికి రుసుము లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రణాళికలో చేరిందో లేదో ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. చేరకపోతే అవే కాగితాలతో సోమవారం కలెక్టరేట్ మెట్లెక్కండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉన్నాయి.

ఈలోపు ఒక్క గదైనా, వారానికి రెండు రోజులైనా మొదలుపెట్టండి. నడుస్తున్నదానికి లైటు అడగడం తేలిక. ఈ వారమే నోటుపుస్తకం తీసుకుని మీ వీధితో మొదలుపెట్టండి.