మన పాటకి ఫ్రీ యాడ్ రాయడం ఎలా?

హాస్టల్ రూములో కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ రికార్డ్ చేశాం మా మొదటి పాట. నెల తర్వాత చూస్తే వ్యూస్ 112. అందులో సగం మావే! "ఇక నేను పాడను, గేట్ కోచింగ్‌లో చేరిపోతా" అన్నాడు మా సింగర్.

ప్రమోషన్‌కి డబ్బుల్లేవు. అందుకే ఫ్రీ క్లాసిఫైడ్ సైట్ల మీద పడ్డాం. "మా కొత్త పాట సూపర్‌గా ఉంటుంది, తప్పక వినండి" అని అయిదు చోట్ల పెట్టాం. వచ్చినవి రెండే ఫోన్లు. ఒకరు లోన్ కావాలా అన్నారు, ఇంకొకరు గిటార్ అమ్ముతారా అన్నారు.

తప్పెక్కడ? క్లాసిఫైడ్స్‌కి వచ్చేవాళ్ళు పాట వినడానికి రారు. సెకండ్‌హ్యాండ్ బైకో, అద్దె రూమో, ట్యూషన్ మాస్టారో, ఏదో ఒకటి వెతుక్కుంటూ వస్తారు. కాబట్టి యాడ్‌లో ఉండాల్సింది మన గొప్ప కాదు, వాళ్ళ అవసరం.

ఇది ఇంటర్నెట్ కన్నా పాత సూత్రమే. 1981లో లాస్ ఏంజెలెస్‌లో లార్స్ ఉల్రిక్ అనే కుర్ర డ్రమ్మర్ 'ది రీసైక్లర్' అనే క్లాసిఫైడ్ పేపర్లో యాడ్ ఇచ్చాడు. తను గొప్ప డ్రమ్మర్‌నని రాసుకోలేదు. కలిసి వాయించేవాళ్ళు కావాలన్నాడు, తనకిష్టమైన బ్యాండ్ల పేర్లు రాశాడు. అది చూసి వచ్చినవాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్. అలా మొదలైంది మెటాలికా.

మరి మనం ఎలా రాయాలి?

1. హెడ్డింగ్‌లో పని, ఊరు, భాష ఉండాలి. "షార్ట్ ఫిల్మ్స్‌కి తెలుగు ఒరిజినల్ మ్యూజిక్ – వరంగల్" అంటే వెతికేవాళ్ళకి దొరుకుతుంది.

2. లింక్ ఒక్కటే ఇవ్వండి. నాలుగిస్తే ఒక్కటీ నొక్కరు. మొదటి ఇరవై సెకన్లలో గొంతు వినపడే పాటైతే మంచిది.

3. సరైన కేటగిరీలో పెట్టండి. ఒకే యాడ్‌ని పది చోట్ల అతికిస్తే స్పామ్ అని తీసేస్తారు.

4. ఒక్కో సైట్‌లో ఒక్కో రకంగా రాసి, ఎక్కణ్ణుంచి ఎవరొచ్చారో నోట్ చేసుకోండి. ల్యాబ్ రికార్డ్ రాసే ఓపికలో పదోవంతు చాలు.

5. పాట సొంతదే అయి ఉండాలి. సినిమా పాట కవర్‌ని మనదిగా అమ్మకూడదు. ఒరిజినల్ ప్రాజెక్ట్ ఫైల్స్ దాచుకోండి, రేపు గొడవొస్తే అవే మనకి ఆధారం.

ఒక జాగ్రత్త. "అడ్వాన్స్ పంపుతున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. ఇంటి అడ్రస్, హాస్టల్ రూమ్ నంబర్ యాడ్‌లో రాయొద్దు.

మేమూ ఇలాగే యాడ్ మార్చి రాశాం. రెండు వారాలకి వేరే కాలేజీ కుర్రాళ్ళు ఫోన్ చేసి, లింక్‌లో పాట విని, వాళ్ళ షార్ట్ ఫిల్మ్‌కి మ్యూజిక్ అడిగారు. వ్యూస్ ఇప్పటికీ మూడొందలు దాటలేదు. కానీ మనల్ని ఎరగనివాళ్ళు మన పాట విని ఫోన్ చేశారంటే, ఆ ఫీలింగే వేరు!

మా సింగర్ కోచింగ్‌కి వెళ్తున్నాడు. ఆదివారాలు మాత్రం మళ్ళీ దుప్పట్లు కడుతున్నాం.