కాలేయం తొందరపడదు

జీర్ణకోశం, కాలేయం జబ్బుల పరిశోధనలోనే నా ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యాక కూడా జూనియర్లు వచ్చి, "సార్, మీ అనుభవంలో నాలుగు ముక్కలు చెప్పండి" అంటారు. చెప్పగలిగింది ఎక్కువగా ఓపిక గురించే.

1. దానంతటదే తగ్గే జబ్బు దగ్గర అందరూ వైద్యులే

పచ్చకామెర్లు వస్తే మన ఊళ్లలో ముందు పసరు మందు ఇచ్చేవారి దగ్గరికే వెళ్తారు. హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌ల వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకి వాటంతటవే పోతాయి. పేరు పసరుకి వస్తుంది. నవ్వకండి, మనం రాసే లివర్ టానిక్‌లకి వచ్చే పేరూ అలాంటిదే.

అలాగని పసరుని పరీక్షించకుండా తోసెయ్యకూడదు. మద్రాసులో త్యాగరాజన్ బృందం పసరు మందుల్లో వాడే నేల ఉసిరిని హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి ఇచ్చి చూసింది. ఆ వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఆ పనిలో భాగస్వామి. ఫలితం 1988లో లాన్సెట్‌లో అచ్చయింది. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ఎంత ఆశ! తర్వాత మరికొందరు చేసిన పరీక్షల్లో అది నిలబడలేదు. మద్రాసువాళ్లు అడగాల్సిన ప్రశ్నని పద్ధతిగా అడిగారు, మిగతావాళ్లు మళ్లీ అడిగి చూశారు. ఈ రెండో పనికి పేరు రాదు, నిధులు అసలే రావు. నా లెక్కలో పెద్ద పని అదే.

2. సీరమ్ పారెయ్యకండి

1955 చివర్లో ఢిల్లీలో మురుగు నీళ్లు యమున మీది తాగునీటి కేంద్రంలోకి చేరాయి. దాదాపు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. గర్భిణుల్లో మరణాలు ఎక్కువ. అది హెపటైటిస్ ఏ అనే చాలాకాలం అనుకున్నారు. అయితే అప్పటి రక్త నమూనాలు కొన్నిటిని ఎవరో పుణ్యాత్ములు దాచి ఉంచారు. 1980లో పరీక్షిస్తే ఏ కాదని తేలింది. 1978లో కాశ్మీరులో వచ్చిన కామెర్లని పరిశీలించిన ఖురూ కూడా ఇది వేరే వైరస్ పనే అన్నారు. 1983లో సోవియట్ శాస్త్రవేత్త బలయాన్ రోగుల మలం నుంచి తయారుచేసిన ద్రావణాన్ని తానే తాగి, జబ్బు తెచ్చుకుని మరీ వైరస్‌ని చూపించాడు. (మీరు అంత సాహసం చెయ్యకండి, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు.) అదే హెపటైటిస్ ఈ.

పాతికేళ్ల నాటి సీసా జవాబు చెప్పాలంటే దాని మీద పేరు, తేదీ ఉండాలి. మీ డీప్ ఫ్రీజర్‌కి జనరేటర్ లైన్ ఉందో లేదో ఇవాళే వెళ్లి చూడండి.

3. సెలవులు కూడా పనికొస్తాయి

కడుపులో పుండుకి కారం, కంగారు కారణమని మా తరం చదువుకుంది. పెర్త్‌లో మార్షల్, వారెన్ దాని వెనక ఉన్న క్రిమిని పెంచాలని చూస్తుంటే, ల్యాబ్‌లో ప్లేట్లు రెండు రోజులకే పారేసేవారు. 1982 ఈస్టర్ సెలవుల్లో అవి ఇంకొన్నాళ్లు అలాగే ఉండిపోయాయి. ఆ క్రిమి, అంటే హెలికోబాక్టర్, పెరిగింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మనం మాత్రం ఇంకా ఆవకాయనే తిడుతున్నాం.

4. ధర తగ్గించడం కూడా పరిశోధనే

1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకాని దిగుమతి సరుకు కన్నా ఎంతో చవగ్గా తెచ్చింది. కొనలేని టీకా ఉన్నా లేనట్టే.

5. ఒక్క చోట ఓపిక పనికిరాదు

హెపటైటిస్ బి పెద్దవాళ్లకి సోకితే నూటికి తొంభై అయిదు మంది దాకా బయటపడతారు. పుట్టగానే బిడ్డకి సోకితే పదింట తొమ్మిదిమందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. ఏ లక్షణమూ లేకుండా దశాబ్దాలు గడుస్తాయి. సిరోసిస్‌తోనో కాలేయ క్యాన్సర్‌తోనో వచ్చినవాళ్లలో ఎందరికో అది కన్నతల్లి నుంచి వచ్చినదే, ఆమెకీ తెలియకుండా.

మీ ఇంట్లో కాన్పు ఉంటే, తల్లికి హెపటైటిస్ బి ఉందేమో చూసే హెచ్‌బిఎస్ఏజి పరీక్ష ముందే చేయించండి. బిడ్డ పుట్టిన 24 గంటల లోపు హెపటైటిస్ బి టీకా వేశారో లేదో అడిగి, కార్డులో రాయించుకోండి. సర్కారు ఆస్పత్రిలో అది ఉచితం.