పేరు మార్చిన ఫోల్డరు, తొలగని సాఫ్టువేరు

2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అనంతపురము జిల్లానుండి వేరై శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను ఊళ్లు కదలలేదు. పాత విలాసముతో వచ్చిన జాబును గూడ తపాలా బంట్రోతు విచారించి యింటికి చేర్చగలడు. కంప్యూటరు అట్లు విచారింపజాలదు. ఈ భేదము నెఱుగకున్న సంఘపు లెక్కలకే చేటు కలుగవచ్చును.

పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్రప్రభుత్వము 2022 జూన్ నెలలో ఆమోదించినది. క్రొత్త సాఫ్టువేరు వచ్చినప్పుడు పాతదానిని తొలగించు పని తప్పదు.

తొలగకపోవుటకు కారణము

విండోసు కంప్యూటరులో సాఫ్టువేరును స్థాపించునప్పుడు, దానిని తొలగించు అన్‌ఇన్‌స్టాలరు ఏ ఫోల్డరులో నున్నదో ఆ విలాసము రిజిస్ట్రీ యను పట్టీలో చేరును. పిమ్మట ఎవరైన ఫోల్డరు పేరు మార్చినచో రిజిస్ట్రీలోని వ్రాత మారదు. పొలము చేతులు మారినను అడంగలు దిద్దనట్లే యిది. కంప్యూటరు పాత విలాసమునకే పోయి, ఫైలు కనబడలేదని చెప్పి ఊరకుండును.

చేయవలసిన పని

1. మొదట లెక్కల నకలును వేఱొక పెన్‌డ్రైవునకు ఎక్కించవలెను. కొన్ని సాఫ్టువేరులు ఖాతాలను ఆ ఫోల్డరులోనే దాచును.

2. పాత పేరు మఱచినచో, డెస్క్‌టాపుపై నున్న షార్ట్‌కట్ మీద మౌసు కుడిమీట నొక్కి ప్రాపర్టీసు తెఱవవలెను. టార్గెట్ అను చోట సాధారణముగా పాత విలాసముండును.

3. సాఫ్టువేరును మూసి, ఫోల్డరునకు ఆ పాత పేరునే అక్షరము తప్పకుండ పెట్టవలెను. పదముల నడిమి ఖాళీ గూడ తప్పరాదు. పిదప సెట్టింగ్సులోని యాప్స్ పట్టీనుండి తొలగించవలెను.

4. పాత పేరు ఎట్లును తెలియనిచో, అదే సాఫ్టువేరును, అదే వెర్షనును మఱల స్థాపించి, పిమ్మట తొలగించవలెను. పేరు మార్చిన ఫోల్డరు అప్పటికిని మిగిలియుండును. అందులో ఖాతాలు లేవని చూచుకొనిన పిమ్మటనే దానిని తీసివేయవలెను.

చేయరాని పని

విసిగి ఫోల్డరును చెత్తబుట్టలో వేయరాదు. రిజిస్ట్రీలో ఆ పేరు మిగిలిపోవుటయే గాక, సభ్యులు కట్టిన కిస్తుల జమలు గూడ అందులోనే పోవచ్చును. తెలియనివారు రిజిస్ట్రీని స్వయముగ దిద్దరాదు.

కంప్యూటరు పని కార్యదర్శిదే యైనను, లెక్క రైతుది. కావున సభ్యులు తమ రసీదులను భద్రపఱచుకొని, సర్వసభ్య సమావేశమున “లెక్కలకు నకలు ఉన్నదా?” యని తప్పక అడుగవలెనని కోరుచున్నాము.