రైలు మార్గం నేర్పే సోషల్ పాఠం



‘ఉత్తర అట్లాంటిక్ ప్రవాహం’ అనే పేరు పిల్లలు ఇట్టే చెప్పేస్తారు. అది ఏం చేస్తుందని అడిగితే ఆగిపోతారు. ఈ సెలవుల్లో అట్లాస్ తెరిచి, వారితో నార్వే రైలెక్కండి.

రాజధాని ఓస్లో నుంచి పడమటి తీరంలోని బెర్గెన్‌కు సుమారు ఏడు గంటల ప్రయాణం. 1909లో ప్రారంభమైన మార్గమిది. చలికాలంలో, 1,222 మీటర్ల ఎత్తునున్న ఫిన్సే స్టేషన్ చుట్టూ అంతా మంచే. కొండలు దిగి బెర్గెన్ చేరితే తరచుగా వాన! రెండూ దాదాపు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. మరి ఈ తేడా ఎందుకు? ముందు పిల్లలనే ఆలోచించనివ్వండి.

ఎత్తుకు వెళ్లేకొద్దీ చలి పెరుగుతుంది. విశాఖ కన్నా అరకు చల్లగా ఉండేదీ అందుకే. ఇక బెర్గెన్‌కు ఆ వెచ్చని ప్రవాహం, దాని మీదుగా వీచే పడమటి గాలులు తోడు. అందుకే అక్కడి ఓడరేవు చలికాలంలోనూ గడ్డకట్టదు. మధ్యయుగాల్లో జర్మన్ వర్తకులు ఎండుచేపల వ్యాపారం చేసింది ఆ రేవులోనే. 1702 అగ్నిప్రమాదం తర్వాత పాత పద్ధతిలో తిరిగి కట్టిన చెక్క భవనాల వరుస ‘బ్రిగ్గెన్’, 1979 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం.

ఈసారి మీరు ఏ ఊరు వెళ్లినా, అది అక్కడే ఎందుకు పుట్టిందో మీ పిల్లలను అడగండి.