అంచనా కాగితం అడగండి

మా బంధువుల్లో ఎవరికి ఆపరేషన్ అన్నా ముందుగా ఆస్పత్రులు తిరిగి ఖర్చులు కనుక్కొచ్చే పని నాదే. ఆ తిరుగుడులో తెలుసుకున్నవి చెబుతాను.

1. ఆగగలిగే జబ్బుకే ధరలు వాకబు చేయాలి. శుక్లం, మోకాలి మార్పిడి, హెర్నియా లాంటివాటికి సాధారణంగా వ్యవధి ఉంటుంది. గుండెపోటు, పక్షవాతం అయితే ఆ వైద్యం దొరికే దగ్గరి ఆస్పత్రికి పరుగెత్తడమే.

2. "ప్యాకేజీ ఇంత" అనగానే లేచి రాకూడదు, అందులో ఏమేం కలిశాయో అడగాలి. మా చెల్లెలి శుక్లానికి రెండుచోట్ల కనుక్కున్నాం. తక్కువ చెప్పినచోట కాగితం మీద రాయించుకుంటే లెన్సు వేరు, రక్తపరీక్షలు వేరు, తర్వాత వేసుకునే చుక్కల మందు వేరు. ఎక్కువ చెప్పినచోట అన్నీ కలిసే ఉన్నాయి. కూడి చూస్తే రెండోదే చవక. లెన్సు రకం కూడా రాయించుకోవాలి. మోనోఫోకల్ వేస్తే చదవడానికి కళ్లద్దాలు కావాలి. ఆ మాత్రం ఇబ్బంది పర్లేదనుకునేవాళ్లు, అద్దాల అవసరం తగ్గించే మల్టీఫోకల్‌కు అంత డబ్బు పోయనక్కర్లేదు.

3. స్టెంట్లకు, మోకాలి ఇంప్లాంట్లకు 2017లో కేంద్రం గరిష్ఠ ధర కట్టింది. లక్ష దాటి పలికిన మందుపూత స్టెంటు అప్పుడు ముప్పై వేలకు దిగింది. గది అద్దెకు, థియేటర్‌కు, సర్జన్ ఫీజుకు ఆ కట్టడి లేదు. అందుకే బిల్లులో ఇంప్లాంటు పేరు, ధర విడిగా చూపించమనండి.

4. ఇన్సూరెన్స్ ఉందని నిశ్చింతగా ఉండొద్దు. పాలసీలో గది అద్దె పరిమితి ఎంతో చూసుకున్నాకే గది తీసుకోండి. రోజుకు 5,000 వరకే అని ఉండగా 10,000 గదిలో చేరితే, చాలా పాలసీల్లో కోత గది అద్దెతో ఆగదు. డాక్టరు ఫీజు, నర్సింగ్, థియేటర్ ఖర్చుల్లోనూ అదే లెక్కన సగమే ఇస్తారు. మిగతా సగం మన చేతి నుంచే. డిశ్చార్జి రోజు కౌంటర్ దగ్గర ఈ సంగతి తెలిసి కూలబడిపోయినవాళ్లను చూశాను.

5. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో చేరకముందే కనుక్కోండి. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ కార్డు 2024 నుంచి ఉంది.

6. డబ్బు మాట ఎత్తితే డాక్టరుగారు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. ఇలాంటి ఆపరేషన్లు ఏటా ఎన్ని చేస్తారో, ఇన్‌ఫెక్షన్ వస్తే అదనపు ఖర్చు ఎవరిదో కూడా అడగండి. అంచనా కాగితం రాసివ్వనన్న చోట మాత్రం అడ్వాన్సు కట్టకండి.