ఆర్‌సీ విమానం తలకిందులైతే ఏ స్టిక్ కదపాలి? పొలంలో కూల్చుకున్నాక నాకు తెలిసింది

నా మొదటి ఏరోబాటిక్ ఆర్‌సీ విమానం గాల్లో ఉన్నది నలభై సెకన్లు. మిర్యాలగూడ దగ్గర మా చిన్నాన్న పొలం, నవంబర్ చివర, కోత మిషన్ వెళ్లిపోయాక మిగిలిన వరి కొయ్యకాళ్లు. గాలి అస్సలు లేదు. సూర్యాపేటలో మా ఇంట్లో నెల రోజులు, ఆఫీస్ కాల్స్ అయ్యాక రాత్రుళ్లు కూర్చుని అతికించిన విమానం అది. రోల్ మొదలుపెట్టా. సగం తిరిగి వెల్లకిలా అయింది, ముక్కు కిందికి వాలింది. భయమేసి ఎలివేటర్ స్టిక్‌ను నా వైపు లాగేశా. మామూలుగా విమానాన్ని పైకి లేపేది అదే. ఆ రోజు మాత్రం అదే దాన్ని తీసుకెళ్లి మట్టిలో గుచ్చింది.

గట్టు మీద నుంచి చిన్నాన్న అడిగిండు: "పడుతుంటే పైకి లేపకపోతివేందిరా?"

"లేపిన చిన్నాన్నా."

"మరి?"

ఆ "మరి?"కి జవాబే ఈ ఆర్టికల్. లూప్, రోల్ ఎలా కొట్టాలో యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. మధ్యలో చెడిపోతే ఎలా బయటపడాలో చెప్పేవి తక్కువ.

ముందు ఫోన్ చేతిలోకి తీసుకోండి

స్క్రీన్ ఆకాశం వైపు ఉండేలా ఫోన్‌ను అరచేతిలో పడుకోబెట్టండి. పైఅంచు విమానం ముక్కు అనుకోండి. ఎలివేటర్ లాగడం అంటే ఆ ముక్కును స్క్రీన్ వైపు తిప్పడం. ఇప్పుడు తిప్పితే ముక్కు పైకి లేస్తుంది, బాగానే ఉంది. ఫోన్‌ను బోర్లించి మళ్లీ అదే పని చేయండి. ముక్కు స్క్రీన్ వైపే తిరుగుతుంది, కానీ స్క్రీన్ ఇప్పుడు నేలను చూస్తోంది! విమానానికి ఆకాశం, భూమి తెలియవు. దానికి తెలిసింది దాని వీపు, దాని పొట్ట, అంతే.

మొదట నేర్చుకునే ట్రైనర్ విమానాల్లో ఈ గొడవ పెద్దగా రాదు. వాటి రెక్కలు కొసల దగ్గర కొంచెం పైకి లేచి ఉంటాయి, స్టిక్స్ వదిలేస్తే చాలావరకు అవే సర్దుకుంటాయి. ఏరోబాటిక్ విమానం రెక్క తిన్నగా ఉంటుంది, దాని పైవంపూ కిందివంపూ ఒకటే. ఎలా పెడితే అలాగే ఉండాలనే దాన్ని అలా చేస్తారు. అంటే వెల్లకిలా వదిలేస్తే వెల్లకిలానే ఉంటుంది, మిమ్మల్ని కాపాడదు.

లెక్క వేస్తే గుండె జారింది

ఆ సాయంత్రం కాగితం మీద లెక్క వేశా. వేగం సెకనుకు 15 మీటర్లు, అంటే గంటకు 54 కిలోమీటర్లు. వెల్లకిలా ఉన్న విమానాన్ని ఎలివేటర్‌తో లాగితే అది కిందికి సగం లూప్ కొట్టి బయటికి రావాలి. తిరిగే త్వరణం 20 అనుకుంటే వ్యాసార్ధం 225ని 20తో భాగించాలి, సుమారు 11 మీటర్లు. సగం లూప్‌కి కావాల్సిన ఎత్తు దానికి రెట్టింపు, 22 మీటర్లు. పైగా కిందికి దూకుతున్నప్పుడు వేగం పెరుగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. పొలాల్లో కరెంటు స్తంభం నేల పైన 7 మీటర్లు ఉంటుందనుకుంటే, నా విమానం ఆ టైంలో రెండు స్తంభాల ఎత్తులో ఉంది. ఎంత గట్టిగా లాగినా బతికేది కాదు.

అదే లాగకుండా, ఎయిలెరాన్ స్టిక్‌ను పక్కకు పూర్తిగా నెట్టి ఉంటే? నా విమానం సెకనుకు ఒక చుట్టు తిరుగుతుంది. నిటారుగా రావడానికి అర సెకను. అంతలో అది కోల్పోయే ఎత్తు మహా అయితే రెండు మూడు మీటర్లు. ఎటువైపు నెట్టినా ఫర్వాలేదు, వెల్లకిలా నుంచి రెండు దారులూ సమానమే. నిటారుగా వచ్చాక, అప్పుడు లాగాలి. ముందు రోల్, తర్వాతే ఎలివేటర్.

ఆ రోజు ఇంకో తప్పు కూడా చేశా. రెక్కలు పైనా కిందా రెండూ తెల్లవే. యాభై మీటర్ల దూరంలో ఏది వీపో ఏది పొట్టో తెలియలేదు. ఇప్పుడు కింది వైపు నల్ల ఇన్సులేషన్ టేపుతో మూడు వెడల్పు పట్టీలు అతికించా. ఇరవై రూపాయల అప్‌గ్రేడ్, మోటార్ మార్చడం కంటే ఎక్కువ పనికొచ్చింది.

బొటనవేలికి నేర్పడం

తెలిసినంత మాత్రాన వేలు వినదు. నేను ట్రాన్స్‌మిటర్‌ను డాంగిల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి పికాసిమ్ అనే ఫ్రీ సిమ్యులేటర్‌లో ఒకే ఒక్క పని చేశా. సగం రోల్, విమానం వెల్లకిలా, ఎలివేటర్ ముట్టకుండా ఎయిలెరాన్‌తో బయటికి. రాత్రికి యాభై సార్లు, రెండు వారాలు. బోర్ కొడుతుంది, నిజం. పదో రోజుకి వేలు దానంతట అదే పక్కకు వెళ్లడం మొదలైంది. ఆ తర్వాతే వెల్లకిలా ఎగరడం మొదలుపెట్టా. ఇందులో స్టిక్‌ను కొద్దిగా ముందుకు నెట్టి ముక్కును నిలబెట్టాలి. ఎఫ్ఏఐ వాళ్లు 1960 నుంచి ఆర్‌సీ ఏరోబాటిక్స్‌కి ప్రపంచ పోటీలు పెడుతున్నారు. అక్కడి పైలట్లు తలకిందులుగా గీత గీసినట్టు తిన్నగా వెళ్తుంటే చూడటానికి ఏమీ చేయనట్టే ఉంటుంది. ఆ ఏమీ చేయనట్టు ఉండటమే కష్టం.

సెట్టింగ్స్ గురించి క్లుప్తంగా. నా విమానం మీటరు రెక్క, బ్యాటరీతో 700 గ్రాములు. వంటింటి తూకం మీద కొలిస్తే మోటార్ థ్రస్ట్ 900 గ్రాముల దాకా వచ్చింది. బరువు కంటే థ్రస్ట్ ఎక్కువ ఉంటే తప్పు నుంచి తేరుకోవడం తేలిక. స్టిక్స్‌కి 30 శాతం ఎక్స్‌పో పెట్టా, మధ్యలో మెత్తగా ఉంటుంది. సిగ్నల్ పోతే థ్రాటిల్ సున్నాకి వచ్చేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, ప్రొపెల్లర్ తీసేసి, ట్రాన్స్‌మిటర్ ఆపి చూశా. ఇది చేయకుండా దయచేసి ఎగరేయకండి.

కోదాడ వెంచర్‌లో

రిపేర్ అయ్యాక కోదాడ వెళ్లా. హైవే నుంచి లోపలికి ఒక వెంచర్ ఉంది. ప్లాట్ల రాళ్లు పాతారు, ఇళ్లు ఒక్కటీ లేవు. నలభై అడుగుల రోడ్డే రన్‌వే. స్థలం ఓనర్‌ని అడిగే దిగాం. 2021 డ్రోన్ రూల్స్‌లో ఇలాంటి మోడల్ విమానాల ప్రస్తావన ఉంది. కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేయాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. మీ ఊరు ఏ జోనో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోండి, రిజిస్ట్రేషన్ నియమం కూడా అక్కడే చదువుకోండి.

ఎనిమిది స్తంభాల ఎత్తుకి తీసుకెళ్లి సగం రోల్ చేశా. నల్ల పట్టీలు ఆకాశం వైపు తిరిగాయి, ముక్కు వాలింది, మళ్లీ అదే భయం. వేలు పక్కకు వెళ్లింది. విమానం నిటారుగా వచ్చేసింది. అంతే! పక్కనున్న ఫ్రెండ్‌కి ఏం జరిగిందో కూడా అర్థం కాలేదు.

అసలు కష్టం ల్యాండింగ్‌లో వచ్చింది. టైమర్ మోగింది, విమానం రోడ్డు మీదికి దిగుతోంది. చూడ్డానికి వచ్చిన ఇద్దరు పిల్లలు సంతోషంగా రోడ్డు మధ్యలోకి పరిగెత్తారు. థ్రాటిల్ కొట్టి వాళ్ల నెత్తి మీదుగా పోనీయొచ్చు. కానీ అరిగిపోయిన బ్యాటరీ మీద నమ్మకం లేదు, ముందు తిరుగుతున్నది తొమ్మిది అంగుళాల ప్రొపెల్లర్. థ్రాటిల్ సున్నా చేసి పక్కనున్న సర్కారు తుమ్మల్లోకి తిప్పేశా. రెక్కకు నాలుగు చిల్లులు, నా చేతికి అంతకంటే ఎక్కువ ముళ్లు.

2010 మార్చి 3న బేగంపేట ఎయిర్ షోలో నౌకాదళం సాగర్ పవన్ టీమ్ విమానం ఒకటి బోయిన్‌పల్లిలో ఇంటి మీద కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. నాది 700 గ్రాముల ఫోమే కావచ్చు. కానీ ఆ పిల్లల మొహాలు గుర్తొచ్చినప్పుడు ఆ పోలిక నాకు పెద్దగా అనిపించలేదు. ఇప్పుడు రోడ్డుకి ఒక వైపు సున్నంతో గీత గీస్తాం. మనుషులంతా గీతకి ఇవతల, విమానం అవతల. జనాన్ని చూసుకోవడానికే ఒకరు ఉంటారు, వాళ్లు ఆకాశం వైపు చూడకూడదు. ఫ్రెండ్స్‌ని ఈ డ్యూటీకి ఒప్పించడం ఇన్వర్టెడ్ నేర్చుకోవడం కంటే కష్టం.

పోయిన ఆదివారం వెల్లకిలా పదకొండు సెకన్లు తిన్నగా వెళ్లా. వీడియో పంపితే చిన్నాన్న "మా పొలంల ఎప్పుడు?" అని అడిగిండు. అక్కడ ఇప్పుడు యాసంగి నాట్లు పడ్డాయి. కోతలయ్యేదాకా మాకు కోదాడే.